అమ్మాయి మూట

పోయిన వారం మనం అక్కని ఆసుపత్రి వరండాలో వదిలేసి వచ్చాం. లోపల మంచం మీద ఆమె కూతురు పడుకుని ఉంది. ఏడేళ్ళది. క్షణం కుదురుగా ఉండదని దాన్ని అందరూ పిడుగు అంటారు. కాలితో నేలని తన్నుకుంటూ పోయే గులాబీ రంగు స్కూటరు మేనమామ పుట్టినరోజుకి ఇచ్చాడు. దాని మీద వీధి వాలు దిగుతుంటే హ్యాండిల్ విరిగి, ఆ గొట్టం కొస చెంపలో దిగింది. కింది దవడ రెండు చోట్ల చిట్లింది. డాక్టర్లు పళ్ళకి తీగలు బిగించి నోరు కట్టేశారు. వాగడం ఆపవే తల్లీ అని బతిమాలినా ఆపని పిల్ల, ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా చేత్తో సైగ చేస్తోంది.

ఆ స్కూటరు వాళ్ళ సొంత ఫ్యాక్టరీలో చేసిందే. అక్క తండ్రి పెట్టిన ఫ్యాక్టరీని ఇప్పుడు ఆమె తమ్ముడు, అంటే ఆ మేనమామే, నడుపుతున్నాడు. అక్క అక్కడే ప్యాకింగ్ చూసుకుంటుంది. ఆమె మొగుడు అక్కడే వెల్డరు. హ్యాండిల్ గొట్టాన్ని కింది పలకకి అతికేది ఆయనే. మరి అతుకు దగ్గర విరిగిందంటే తప్పెవరిది? అక్క క్షణం ఆలోచించలేదు. ఆసుపత్రి గుమ్మంలో పదిమంది చూస్తుండగా మొగుడి చెంప ఛెళ్ళుమనిపించింది. ఆయనా తప్పు తనదే అనుకుని, పిల్ల దగ్గరికి వెళ్ళే మొహం లేక, గేటు బయట అరుగు మీద కూర్చుండిపోయాడు.

ఆ తర్వాతే ఫ్యాక్టరీలో రంగుల షెడ్డు మేస్త్రీ వచ్చి, గుడ్డలో చుట్టిన విరిగిన ముక్క అక్క చేతిలో పెట్టి, కళ్ళెత్తి చూడకుండా వెళ్ళిపోయాడు. అక్క ఇప్పుడు ఆ గుడ్డ విప్పింది.

అతుకు చెక్కుచెదరలేదు. మొగుడు వేసిన అతుకు మొండిగా, వరసగా, అలాగే ఉంది. దానికి బొటనవేలంత పైన గొట్టం అట్టపెట్టె చిరిగినట్టు చిరిగింది. అక్క ఆ చిరిగిన అంచుని వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది. లోపలికి వంగిపోయింది. ఇనుము అలా వంగుతుందా? ఆమె పొద్దస్తమానం నీలం రంగు స్కూటర్లూ డబ్బాల్లో పెడుతుంది, గులాబీవీ పెడుతుంది. గులాబీవి తేలిగ్గా ఉంటాయని తెలుసు. తేలిగ్గా ఉంటే ఎత్తడం సులువని సంతోషించింది కూడా.

పిల్ల దగ్గర పక్కింటావిడని కూర్చోబెట్టి గేటు బయటికి వచ్చింది. మొగుడు లేచి నిలబడ్డాడు, మళ్ళీ కొడుతుందేమో అన్నట్టు. ఆమె ఆ ముక్క ఆయన చేతిలో పెట్టింది.

"నీ అతుకు నిలబడింది. గొట్టమే చిరిగింది."

క్షమించు అనలేదు. ఆయన ముక్కని తిప్పి తిప్పి చూశాడు. చూస్తున్నకొద్దీ మెడ మీద నరాలు ఉబ్బాయి. ఆమె వెనకాలే నడిచాడు.

ఫ్యాక్టరీ గేటు మీద తమ్ముడు పెట్టించిన పెద్ద పోస్టరు ఉంది. ఒక సగంలో నీలం స్కూటరు మీద కుర్రాడు గాల్లో ఎగురుతున్నాడు. స్కూటరు మీద మంటల బొమ్మలు, పక్కన 'దూకు, దూసుకుపో' అన్న అక్షరాలు. రెండో సగంలో గులాబీ స్కూటరు పక్కన గౌను వేసుకున్న పిల్ల నిలబడి నవ్వుతోంది. నిలబడే ఉంది, ఎక్కలేదు. బుట్టలో బొమ్మ, హ్యాండిల్‌కి రిబ్బన్లు. 'పువ్వంత తేలిక' అని కింద రాశారు. అక్క ఆ పోస్టరు వెయ్యిసార్లు చూసి ఉంటుంది. ఆ పిల్ల నేల మీదే ఎందుకు నిలబడిందో ఆమెకి ఈ మధ్యాహ్నమే తట్టింది.

లోపల లారీ నిలబడి ఉంది. నిండా గులాబీ డబ్బాలే. స్కూళ్ళు తెరిచే రోజులు కదా, కొట్లన్నీ ఎదురుచూస్తున్నాయి. ఆపండి, దించండి అంది అక్క. లోడింగు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నసారు చెప్పాలమ్మా, మేమెవరం అన్నారు. వాళ్ళతో వాదించి లాభం లేదని ఆమె సూటిగా టెస్టింగు షెడ్డులోకి నడిచింది. మొగుడు, గొట్టాలు కోసి చూడ్డానికి పనిముట్ల కోసం, వెల్డింగు షెడ్డు వైపు తిరిగాడు.

టెస్టింగు షెడ్డంటే పెద్ద హంగామా ఏమీ కాదు. పైన దూలానికి ఒక కప్పీ, దాని మీదుగా తాడు, కింద నేలలో పాతిన ఇనప పలక. గోడ పక్కన మందపాటి గుడ్డతో కుట్టిన రెండు ఇసక మూటలు. ఒకదాని మీద 'అబ్బాయి', ఇంకోదాని మీద 'అమ్మాయి' అని రంగుతో రాసి ఉంటుంది. నీలం స్కూటరుని పలక మీద బిగించి అబ్బాయి మూటని నడుమెత్తు నుంచి వదులుతారు. గులాబీదైతే అమ్మాయి మూట. విరక్కపోతే పాసు. తండ్రి కాలం నుంచీ ఇదే పద్ధతి. గోడ అవతల ప్యాకింగ్‌లో కూర్చుని అక్క ఇన్నేళ్ళుగా ఆ రెండు చప్పుళ్ళూ వింటూనే ఉంది. ఒకటి ధబ్బున, ఇంకోటి మెత్తగా. మెత్తగా వినపడితే గులాబీ డబ్బాలు సిద్ధం చేసుకునేది. అంతకుమించి ఏనాడూ ఆలోచించలేదు.

షెడ్డులో పని చేసేవాళ్ళు భోజనానికి వెళ్ళారు. అక్క ఒక కొత్త గులాబీ స్కూటరుని పలక మీద బిగించింది. అమ్మాయి మూట తగిలించి లాగి వదిలింది. స్కూటరు కాస్త ఊగి నిలబడింది. శుభ్రంగా పాసు. అప్పుడు అబ్బాయి మూటని ఈడ్చుకొచ్చి తగిలించింది. తాడు లాగుతుంటే అరచేతులు మండాయి. వదిలింది.

గొట్టం తటుక్కున చిరిగి హ్యాండిల్ ఎగిరి గోడకి కొట్టుకుంది. సరిగ్గా అదే చోట. బొటనవేలంత పైన.

అక్క ఇంకోటి బిగించింది. అదీ విరిగింది. ఇంకోటి. అదీ అంతే. మూడోది విరిగేసరికి ఆమెకి బిగించే ఓపిక పోయింది. వరసలో ఉన్న స్కూటర్లని ఒక్కొక్కటే ఎత్తి పలకకేసి బాదడం మొదలుపెట్టింది. బుట్టలు పగిలాయి, రిబ్బన్లు తెగాయి, చక్రాలు దొర్లుకుంటూ పోయాయి. ప్రతి దెబ్బకీ ఆమెకి కూతురి మొహమే కనపడింది. చెంపలో గొట్టం దిగినా ఏడవలేక, అమ్మా అనలేక, కళ్ళు పెద్దవి చేసుకుని చూసిన మొహం.

చప్పుడుకి తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. నేల మీద తుక్కు చూసి మొదట నోరెళ్ళబెట్టాడు, తర్వాత గొంతు మెత్తబరుచుకున్నాడు. అమ్మకాలు చేసే మనిషి కదా, గొంతు ఎక్కడ మెత్తబరచాలో తెలుసు. పిల్ల సంగతి నాకు మాత్రం బాధ లేదా, వచ్చే దఫా నుంచి గొట్టం మందం పెంచుతాను, నా మాట నమ్ము, ఇప్పుడు ఇంటికెళ్ళి పడుకో అన్నాడు. మరి లారీలో ఉన్నవాటి సంగతేమిటని అక్క అడిగింది. అవి పోవాల్సిందే అన్నాడు. కొట్లవాళ్ళు ఊరుకోరట.

"అవి కూడా చిరుగుతాయిరా. ఎంతమంది పిల్లల దవడలు పోవాలి నీకు?"

"ఏమీ పోవక్కా. ఆడపిల్లలు దూకరు. బుట్టలో బొమ్మ పెట్టుకుని ఇంటి ముందు రెండు చుట్లు తిరుగుతారు. అంతకి ఈ గొట్టం చాలు. పిడుగుని నువ్వు మగరాయుడిలా పెంచావు, అది మగపిల్లలతో పోటీపడి వాలు దిగింది. దానికి నేనేం చేయను?"

అక్క తల దించి చేతిలో మిగిలిన విరిగిన హ్యాండిల్ వైపు చూసుకుంది. తమ్ముడు అది ఒప్పుకోలు అనుకున్నాడు కాబోలు, ఇంకో అడుగు ముందుకేశాడు.

"కొట్లో ఏ తల్లయినా ఇది గట్టిగా ఉంటుందా అని అడుగుతుందా? ముద్దుగా ఉందా అనే అడుగుతుంది. నువ్వు మాత్రం? పిల్ల ఆ రోజు మంటల బొమ్మలున్న నీలంది కావాలని కాళ్ళు నేలకేసి కొట్టుకుని ఏడిస్తే, గులాబీది దాని చేతిలో పెట్టిందెవరు? నేనా?"

అది నిజం. ఇచ్చింది మేనమామే అయినా పెట్టింది అక్కే. నలుగురూ నవ్వుతారే, ఆడపిల్లవి, ఇది తీసుకో అని తొడపాశం పెట్టి మరీ పిల్లని ఒప్పించింది. ఇన్ని రోజులూ గొంతు దాకా వచ్చి మింగేసుకున్న మాటని తమ్ముడు బయటికి తీసి మొహాన కొట్టాడు. అక్కకి కళ్ళు బైర్లు కమ్మాయి. చేతిలో ఉన్న విరిగిన హ్యాండిల్‌తో అతని మొహం మీద బలమంతా పెట్టి కొట్టింది.

కనుబొమ చీలింది. రక్తం కంట్లోకి కారింది. తమ్ముడు చేత్తో తడుముకుని, ఆ చెయ్యి చూసుకుని, పొంగుకొచ్చిన కోపంతో మీదికొచ్చాడు. అక్క జుట్టు పట్టుకుని వెనక్కి లాగి స్తంభానికేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి. చిన్నప్పుడు ఇదే తమ్ముడిని ఆమె చంకలో వేసుకుని వీధంతా తిప్పింది. తల మొద్దుబారిపోతుంటే ఎందుకో ఆమెకి అదే గుర్తొచ్చింది. మూడోసారి కొట్టబోతుండగా ఎవరో అతన్ని వెనక నుంచి లాగిపారేశారు.

వెల్డరు ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఇప్పుడూ మాట్లాడలేదు. బావమరిది పొట్టలో గుద్దాడు. వంగినవాడి మొహం మీద మోకాలితో తన్నాడు. పళ్ళు కదిలిన చప్పుడు అక్కకి వినపడింది. తమ్ముడు కిందపడి చేతికందిన ఇనప ముక్క తీసి బావ ముంజేతిని చీల్చాడు. ఇద్దరూ దొర్లారు, రిబ్బన్ల మీద, పగిలిన బుట్టల మీద, రక్తం మీద జారుతూ. వెల్డరు చేతులు మొరటువి, వేడికి కాలి కాలి బండబారినవి. చివరికి ఆ చేతులే గెలిచాయి. బావమరిదిని ఇనప పలక మీద వెల్లకిలా పడేసి, ఛాతీ మీద మోకాలు ఆనించి కూర్చున్నాడు. తమ్ముడి ఎడమ కాలు పలక అంచున ఇంకా బిగించే ఉన్న విరిగిన స్కూటరు కింద ఇరుక్కుని, మడమ దగ్గర వంకరగా తిరిగిపోయి ఉంది.

"తాడు లాగవే," అన్నాడు మొగుడు. ఆ రోజు షెడ్డులో ఆయన మొదటి మాట అదే.

అక్క లాగింది. అబ్బాయి మూట నేల వదిలి లేచింది. నడుమెత్తు దాటింది, తలెత్తు దాటింది. దూలానికి తగిలేదాకా లాగి, తాడుని స్తంభానికి రెండు చుట్లు తిప్పి, కొస రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. జుట్టులోంచి రక్తం మెడ మీదికి దిగుతోంది. సరిగ్గా తమ్ముడి ఛాతీకి పైన మూట వేలాడుతోంది.

లారీ ఆపమని చెప్పు, చాలు, ఇంకేమీ అడగను అంది. ఫోను అతని చేతికందే దూరంలోనే పడి ఉంది.

తమ్ముడు రక్తం ఉమ్మి నవ్వాడు. నువ్వు వదలవక్కా అన్నాడు. పందెం కాయమన్నా కాస్తానన్నాడు. నీ సంగతి నాకు తెలీదా, కోడిపిల్ల చస్తే రెండు రోజులు అన్నం తినలేదు నువ్వు, నీ వల్ల కాదు అన్నాడు. అతనికి నిజంగానే భయం లేదు. ఆడవాళ్ళు దేన్ని పట్టుకుంటారో, దేన్ని వదలరో తనకి తెలుసనే ధీమాతోనే అతను ఇంతకాలం వ్యాపారం చేశాడు.

అప్పుడు గుమ్మంలో అమ్మ కనపడింది. రోజూ ఆఫీసు గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, చప్పుడుకి గోడ పట్టుకుంటూ వచ్చింది. కొడుకు మొహం చూసి గుండెలు బాదుకుంది. కూతురి తల మీది రక్తం ఆమె కంటికి ఆనలేదు. వాణ్ణి వదలమని అల్లుణ్ణి బతిమాలింది. వదలకపోయేసరికి కూతురి వైపు తిరిగింది.

"వాడేం చేశాడే? ఆ మూటలు వాడు కట్టినవి కావు. మీ నాన్న కట్టాడు. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో పిల్లలెంత బరువుంటారో తెలీక మిమ్మల్నిద్దర్నీ కాటా ఎక్కించాడు. వాడి బరువుకి వాడి మూట, నీ బరువుకి నీ మూట. వాడు మీ నాన్న చేసిందే చేస్తున్నాడు. నా కొడుకుని వదిలెయ్యి."

అక్కకి ఆ కాటా గుర్తుంది. బియ్యం బస్తాలు తూచే పెద్ద కాటా. చల్లటి ఇనుము మీద వట్టికాళ్ళతో నిలబడింది. నాన్న ముల్లు వైపు చూసి, నా తల్లి పువ్వంత తేలిక అని నవ్వి ఎత్తుకున్నాడు. ఆయన ఆమెని ఎత్తుకున్న సందర్భాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందుకే అది మరిచిపోలేదు. ఆ మాటని బతుకంతా పతకంలా దాచుకుంది. తమ్ముడు దాన్నే పోస్టరు మీద రాయించినప్పుడు, నాన్న మాట కదా అని మురిసిపోయింది.

ఆమె గోడ వైపు చూసింది. అమ్మాయి మూట ఒక్కతే ఒరిగి కూర్చుని ఉంది, బుల్లిది, సన్నది.

"అమ్మా, నేను వాడికంటే రెండేళ్ళు పెద్దదాన్ని. మరి వాడి మూట ఎందుకంత బరువు?"

అమ్మ, ఇంతకాలం తర్వాత దీనికేం తగువు అన్నట్టు, మామూలుగానే చెప్పింది.

"పాలు ఒక్క గ్లాసే వచ్చేవి. గుడ్డు ఒక్కటే. మగపిల్లాడు, ఎదగాలి కదా అని వాడికి పెట్టేదాన్ని. నువ్వు అడిగేదానివి కూడా కాదు."

వెల్డరు తలెత్తి అత్తగారి వైపు చూశాడు.

అక్క పిడుగుని ఏ లోటూ లేకుండా పెంచింది. పాలు పోసింది, గుడ్డు పెట్టింది, ఇంకా కావాలా అని అడిగి మరీ పెట్టింది. ఎందుకలా పెడుతున్నావని ఎవరైనా అంటే చెప్పలేకపోయేది, చేతికి అలా తోచేది అంతే. పిల్ల ఏపుగా పెరిగింది, చక్కగా బరువెక్కింది. ఆ బరువుకే స్కూటరు విరిగింది. ఎందుకంటే ఆ స్కూటరుని కడుపునిండా తిన్న పిల్ల కోసం చేయలేదు. ఒక గ్లాసు పాలకి నోచుకోని పిల్ల బరువుకి సరిపోతుందా లేదా అని చూసి చేశారు. ఆ పిల్ల తనే. ఇన్నేళ్ళూ ఊళ్ళకి ఊళ్ళు పంపిన ప్రతి గులాబీ స్కూటరూ తన ఆకలితో తూచి పంపిందే. ఆ డబ్బాలన్నీ తన చేతుల్తోనే మూసింది. అక్కకి ఏడుపు రాలేదు. తాడు మీద పట్టు ఇంకా బిగించింది.

బయట లారీ స్టార్టయింది.

"ఇప్పుడైనా ఆపమని చెప్పరా," అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

తమ్ముడు ఫోను వైపు చూడనైనా లేదు. తల పక్కకి తిప్పి అమ్మని పిలిచాడు. అక్కకి మతి పోయింది, నువ్వు పట్టించుకోకు, లారీని పోనీమని చెయ్యి ఊపు అన్నాడు.

అమ్మ కూతురి వైపు ఒకసారి చూసింది. కూతురి చేతుల్లో ఉన్న తాడు వైపు చూసింది. తర్వాత, కొడుకు అడిగాడు కాబట్టి, గుమ్మంలోకి జరిగి, బయటికి చెయ్యి చాచి పోనీ పోనీ అని ఊపింది. గేటు తెరుచుకున్న చప్పుడు వినపడింది.

వెల్డరు పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఏం చూశాడో గానీ, అంతవరకూ రాయిలా కూర్చున్న మనిషి గబుక్కున లేచి, వద్దే, వద్దు, పిల్లకి నువ్వు కావాలి అంటూ బావమరిది చంకల్లో చేతులేసి లాగడం మొదలుపెట్టాడు. ఇరుక్కున్న కాలు రాలేదు. తమ్ముడు నొప్పికి కేకపెట్టి, పైకి చూసి, మొదటిసారి నవ్వడం మానేశాడు.

"అక్కా," అన్నాడు.

అక్క స్తంభం చుట్టూ ఉన్న మొదటి చుట్టు విప్పింది. రెండోది విప్పింది. తాడు వదిలేసింది.